లోపలికి వెళ్ళినవాళ్ళు

జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ 1830లో ఎడింబరోలో ఒక పుస్తకం అచ్చువేయించాడు. అప్పటికి అతనికి ముప్పయ్యేళ్ళు. పుస్తకం పేరు చాంతాడంత ఉంటుంది. ఫైరింజన్ల నిర్మాణం, ఫైర్‌మెన్‌కి ఇవ్వాల్సిన శిక్షణ, ఇల్లు అంటుకున్నప్పుడు చేయాల్సిన పనులు అని దాని సారాంశం. స్కాన్ కాపీ నెట్‌లో దొరుకుతుంది. నేను మామూలుగా నవలల గురించీ కథల గురించీ రాసుకునేవాణ్ణి, ఇలాంటి పుస్తకం చేతికెత్తుకుంటానని అనుకోలేదు. చదవడం మొదలుపెట్టాక మాత్రం రెండు రాత్రుళ్ళు దాంతోనే గడిచాయి.

ముందుగా నన్ను పట్టుకున్నది అతని వచనం. అందులో వీరుల్లేరు, త్యాగాల్లేవు. గొట్టాలు ఏ తోలుతో చేయాలి, అతుకులు ఎలా వేయాలి, పొగలో ఎలా పాకాలి, ఇవే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు రన్‌బుక్ అనేదొకటి రాసుకుంటారు. రాత్రి మూడింటికి సర్వర్ పడిపోతే, నిద్రకళ్ళతో లేచినవాడు ఆలోచించే పని లేకుండా చదివి పాటించాల్సిన కాగితం అది. మంచివీ చెడ్డవీ అలాంటివి చాలా చదివాను కాబట్టి చెప్తున్నాను, బ్రెయిడ్‌వుడ్ రాసింది చాలా మంచి రన్‌బుక్.

అందులో అతను పదే పదే చెప్పే మాట ఒకటుంది. నీళ్ళు మంట మొదట్లో పడాలి. వీధిలో నిలబడి కిటికీలోకి చిమ్మితే సగం నీళ్ళు గోడకి తగులుతాయి, మిగతా సగం మంటని చేరకుండానే ఆవిరైపోతాయి. అందుకని లోపలికి వెళ్ళాలి. అంతకుముందు పద్ధతి వీధిలోంచి కొట్టడమే. బ్రెయిడ్‌వుడ్ దాన్ని మార్చాడు. లోపలికి వెళ్ళేటప్పుడు ఇద్దరిద్దరుగా వెళ్ళాలన్నాడు, ఒకడు పడిపోతే రెండోవాడు ఈడ్చుకు రావడానికి. పొగలో నిలబడకూడదు, నేలకి జానెడు మూరెడు ఎత్తులో మంచిగాలి ఉంటుంది కాబట్టి ముక్కు అక్కడ పెట్టుకుని పాకాలి. ఎడింబరోలో తన దళంలోకి పైకప్పు పలకలు పరిచేవాళ్ళనీ, వడ్రంగులనీ, తాపీవాళ్ళనీ, ప్లంబర్లనీ తీసుకున్నాడు. ఇల్లు కట్టడం తెలిసినవాడికే అది ఎలా కూలుతుందో తెలుస్తుంది. అతను కూడా ఇళ్ళపని చేసే కుటుంబంలోంచే వచ్చాడు. వారానికోసారి తెల్లవారుజామున నాలుగింటికి డ్రిల్లు. చీకట్లో పనిచేయడం అలవాటు కావాలి, పైగా ఆ వేళకి వీధుల్లో జనం అడ్డురారు.

ఈ "లోపలికి వెళ్ళడం" నాకు పాత గొడవే. మా బాబాయి అగ్నిమాపక శాఖలో పాతికేళ్ళు చేసి రిటైరయ్యాడు. చిన్న టౌను. వేసవి వచ్చిందంటే గుడిసెలు, గడ్డివాములు, మిరపకాయల గోడౌన్లు, పత్తి జిన్నింగు మిల్లులు. మా చిన్నప్పుడు అలాంటి ఒక మిల్లులో గోడ కూలి ఆయనతో పనిచేసే ఫైర్‌మన్ ఒకాయన చనిపోయాడు. స్టేషన్లో ఆయన ఫోటో ఉండేది. ఏటా ఏప్రిల్ 14న దానికి దండ వేసేవాళ్ళు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో పత్తి బేళ్ళూ పేలుడు సామానూ కలిపి ఎక్కించుకున్న ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకుని పేలిపోయి, ఆర్పడానికి వెళ్ళిన 66 మంది ఫైర్‌మెన్ పోయారు. మన దేశంలో ఆ తేదీ ఫైర్ సర్వీస్ డే అయింది అందుకే. దండ వేసిన రోజు రాత్రి మా పిన్ని బాబాయిని ఒకటే మాట అడిగేది. "మీరెందుకండీ లోపలికి వెళ్ళడం? బయట్నుంచి కొట్టొచ్చుగా నీళ్ళు?" బాబాయి అన్నం కలుపుకుంటూ ఉండేవాడు. జవాబు చెప్పేవాడు కాదు.

పిన్ని ప్రశ్నకి జవాబు నాకు 1830 నాటి పుస్తకంలో దొరికింది. కానీ ఆ జవాబు రాసిన మనిషి ఎలా పోయాడన్నది ఇంకో కథ.

1833లో లండన్‌లో పది ఇన్సూరెన్సు కంపెనీలు కలిసి తమ తమ చిన్న దళాలన్నిటినీ ఒకటి చేశాయి. లండన్ ఫైర్ ఇంజన్ ఎస్టాబ్లిష్‌మెంట్ అని పేరు పెట్టి, దాన్ని నడపడానికి బ్రెయిడ్‌వుడ్‌ని పిలిపించుకున్నాయి. ఉద్యోగులు ఎనభైమంది దాకా. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇది సర్కారు దళం కాదు, ధర్మసంస్థా కాదు. ఇన్సూరెన్సు కంపెనీలు తాము కట్టాల్సిన నష్టపరిహారం తగ్గించుకోవడానికి పెట్టుకున్న ఖర్చు. దాని పని ఆస్తిని కాపాడటం. మరి మంటల్లో చిక్కుకున్న మనుషుల సంగతి? అందుకోసం వేరే సంస్థ ఉండేది. అది చందాల మీద నడిచేది. రాత్రిపూట కూడళ్ళలో చక్రాల నిచ్చెనలు పెట్టి ఒక మనిషిని కాపలా ఉంచేది. ప్రాణాలకి ఒక ఆఫీసు, సరుకులకి ఒక ఆఫీసు అన్నమాట. బ్రెయిడ్‌వుడ్ మనుషులు కళ్ళెదుట ప్రాణం పోతుంటే చేతులు కట్టుకు నిలబడలేదు. ఇన్సూరెన్సు లేని ఇళ్ళకీ వెళ్ళేవాళ్ళు. 1834 అక్టోబరులో పార్లమెంటు భవనాలు తగలబడితే వెళ్ళారు, వెస్ట్‌మిన్‌స్టర్ హాలు దక్కింది. అయినా జమాఖర్చుల పుస్తకం మాత్రం కంపెనీలదే.

ఆ కాలపు ఫైరింజను అంటే మన కళ్ళకి కట్టే ఎర్ర లారీ కాదు. గుర్రాలు లాగే బండి, మీద నీటితొట్టి, పంపు, రెండు వైపులా పొడవాటి చెక్క మీటలు. బండి మీద వచ్చేది కొద్దిమంది ఫైర్‌మెనే. ఆ మీటలు పైకీ కిందకీ ఆడించడానికి పాతికమంది దాకా కావాలి. వాళ్ళని అక్కడికక్కడ గుంపులోంచే పిలిచేవాళ్ళు. మొదటి గంటకి ఒక షిల్లింగు, తర్వాత గంటకి ఆరు పెన్నీలు, పైన బీరు. బీరు ఆలస్యమైతే లయగా బీరు బీరు అని అరుస్తూ పంపు కొట్టడం ఆపేసేవాళ్ళట. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన నగరాన్ని దారినపోయేవాళ్ళ భుజాలు కాపాడేవన్నమాట. ఆవిరి పంపులు అప్పటికి వచ్చాయి గానీ, బ్రెయిడ్‌వుడ్ వాటి విషయంలో చాలాకాలం వెనకాడాడు. 1860లో గానీ ఒకటి అద్దెకి తీసుకోలేదు.

బ్రెయిడ్‌వుడ్ భయమంతా థేమ్స్ ఒడ్డున లేచిన గోడౌన్ల గురించి. ఒక గది అరవై అడుగుల ఘనాన్ని మించితే, అంటే పొడవూ వెడల్పూ ఎత్తూ కలిపి 2,16,000 ఘనపుటడుగులు దాటితే, అందులో మంట రాజుకున్నాక తన దగ్గరున్న సాధనాలతో ఆర్పలేనని అతని లెక్క. అందుకే గోడౌన్లని గోడలతో విడగొట్టాలి, గోడల్లో దారులుంటే వాటికి ఇనప తలుపులుండాలి, ఆ తలుపులు మూసి ఉంచాలి. ఒక గదిలో నిప్పు ఆ గదిలోనే చావాలి. మేం సిస్టమ్స్ డిజైన్ చేసేటప్పుడు చెప్పుకునే మాట కూడా ఇదే. ఒక భాగం చెడిపోతే పక్క భాగాన్ని తినకూడదు. దీనికి పెద్ద తెలివేం అక్కర్లేదు. తలుపు వేసి ఉంచే ఓపిక కావాలి.

1861 జూన్ 22, శనివారం సాయంత్రం. లండన్ బ్రిడ్జికి దిగువన టూలీ స్ట్రీట్ పక్కనున్న కాటన్స్ వార్ఫ్‌లో నార బేళ్ళు రాజుకున్నాయి. వాటంతటవే వేడెక్కి అంటుకున్నాయని అనుకున్నారు. మా బాబాయి చెప్పేవాడు, బేలు పైకి ఆరిపోయినట్టే ఉంటుంది, లోపల నివురుగప్పిన నిప్పులా రోజుల తరబడి ఉంటుంది, కొక్కేలతో విప్పి చూస్తే గానీ తెలీదని. ఆ గోడౌన్లు ఆరంతస్తులవి. లోపల వేల టన్నుల బియ్యం, చక్కెర, పదివేల పీపాల పశువుల కొవ్వు, పత్తి, టీ ఆకు, సురేకారం, జనపనార. జనపనార అంటే ఆ రోజుల్లో బెంగాల్ సరుకే. సామ్రాజ్యం మొత్తం ఆ గదుల్లో అట్టలు అట్టలుగా పేర్చి ఉంది.

ఇనప తలుపులు ఉన్నాయి, కానీ తెరిచి ఉన్నాయి.

సాయంత్రం ఆరయ్యేసరికి చాలా బళ్ళు వచ్చేశాయి. నదిలో తేలే పంపులూ ఉన్నాయి, అయితే అప్పుడు ఆటు. నీళ్ళు వెనక్కి తగ్గి, పడవలు ఒడ్డుకి దగ్గరగా రాలేకపోయాయి. పక్కనే థేమ్స్ నది ఉండి కూడా నీళ్ళు సరిపోలేదు. మంట ఒక గోడౌను నుంచి ఇంకోదానికి పాకింది. ఏడున్నర ప్రాంతంలో బ్రెయిడ్‌వుడ్ తన మనుషుల దగ్గరికి వెళ్ళాడు. గంటలకొద్దీ ఆ సెగలో నిలబడి అలిసిపోయినవాళ్ళకి తలా ఒక గుక్క బ్రాందీ ఇప్పిస్తున్నాడు. ఒక ఫైర్‌మన్ చేతికి గాయమైతే తన మెడలోని పట్టు రుమాలు తీసి కట్టాడని కూడా చెప్తారు. అప్పుడు గోడౌను ముందుగోడ ఉబ్బి, ఒక్కసారిగా మీద పడింది.

జీవితమంతా లోపలికి వెళ్ళమని నేర్పినవాడు బయట పోయాడు. నాకీ వాక్యం రాయాలంటే కొంచెం ఇబ్బందిగానే ఉంది, మరీ కథలా కుదిరిపోయిందని. కానీ జరిగింది అదే. పైగా అది అతని సిద్ధాంతానికి వ్యతిరేకమేమీ కాదు. లోపలికి వెళ్ళే అవకాశం అక్కడ లేకుండా పోయింది. తెరిచిన తలుపులు గదులన్నిటినీ కలిపేసి ఒకే గది చేశాయి. అరవై అడుగుల ఘనం లెక్క దాటిపోయింది. అతని లెక్క ప్రకారమే అది ఆర్పలేని మంట.

రెండు రోజుల తర్వాత గానీ శవాన్ని బయటికి తీయలేకపోయారు, శిథిలాలు అంత వేడిగా ఉన్నాయి. మంటలు పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది. ముప్పైవేలమందికి పైగా జనం చూడ్డానికొచ్చారు. చుట్టుపక్కల తాగుడు దుకాణాలు రాత్రంతా తెరిచి ఉంచారు. కరిగిన కొవ్వు మండుతూ నదిమీద తేలుతుంటే పడవలేసుకెళ్ళి ఎత్తుకోబోయి కొందరు చచ్చిపోయారు. జూన్ 29న అంత్యక్రియలు. ఊరేగింపు మైలున్నర పొడవు. దుకాణాలు మూసేశారు, చర్చి గంటలు మోగాయి. విక్టోరియా రాణి డైరీలో రాసుకుంది. ఏబ్‌నీ పార్క్ శ్మశానంలో, సవతి కొడుకు పక్కన పూడ్చారు. ఆ కుర్రాడు కూడా ఫైర్‌మనే. ఆరేళ్ళ ముందు, 1855లో, అతనూ మంటల్లోనే పోయాడు. మైలున్నర ఊరేగింపు కంటే నాకు ఈ పక్కపక్క సమాధులే ఎక్కువ బరువుగా అనిపిస్తాయి. ఆ ఆరేళ్ళూ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారు?

నష్టం రెండు మిలియన్ పౌన్ల దాకా. ఇన్సూరెన్సు కంపెనీలు ముందు ప్రీమియం పెంచాయి, వర్తకులు గోల పెట్టారు. ఆ తర్వాత కంపెనీలు ప్రభుత్వానికి ఉత్తరం రాశాయి, ఇక ఈ దళాన్ని మేం మోయలేం అని. పార్లమెంటు కమిటీ కూర్చుంది. 1865లో చట్టం వచ్చింది. 1866 మొదటి రోజు నుంచి మెట్రోపాలిటన్ ఫైర్ బ్రిగేడ్, జనం కట్టే పన్నుతో, కంపెనీల వాటాతో, సర్కారు ఇచ్చే పదివేల పౌన్లతో. మరుసటేడు ఆ చందాల సంస్థ నిచ్చెనలు కూడా అదే గొడుగు కిందికొచ్చాయి. అంటే మనుషుల ప్రాణాలు కాపాడటం లండన్‌లో 1867లో గానీ ప్రభుత్వ ఉద్యోగం కాలేదు. ఇందులో బ్రెయిడ్‌వుడ్ చావు పాత్ర ఎంత, రెండు మిలియన్ పౌన్ల పాత్ర ఎంత అని అడిగితే, నా ఓటు పౌన్లకే. ఒక్క మనిషి పోయినందుకు కంపెనీలు ఉత్తరం రాసేవి కావు.

లండన్‌లో రెండేళ్ళు పనిచేసినప్పుడు మా ఆఫీసు ఆ దగ్గర్లోనే. టూలీ స్ట్రీట్‌లో గోడకి బ్రెయిడ్‌వుడ్ శిలాఫలకం ఉంది. జనం కాఫీ కప్పులు పట్టుకుని దాని పక్కనుంచే స్టేషనుకి పరుగెడుతుంటారు. పెట్టించింది ఇన్సూరెన్సు కంపెనీలు కాదు, సదర్క్ డివిజన్ పోలీసులు. ఈ స్థలానికి దగ్గర్లో కర్తవ్యనిర్వహణలో చనిపోయాడనీ, న్యాయబుద్ధి గలవాడనీ, దైవభీతి గలవాడనీ ఉంటుంది. అన్నీ నిజమే అయుండాలి. తలుపుల మాట మాత్రం లేదు.

స్మారకశిలల మీద రాతల్ని ఒక సాహిత్యప్రక్రియగా చూడొచ్చని నాకు అనిపిస్తుంది. మన వీరగల్లుల్నే చూడండి. కింద యుద్ధం, నడుమ అప్సరసలు మోసుకుపోవడం, పైన కైలాసం. ఆవుల మందని కాపాడుతూ చచ్చాడని తెలుస్తుంది గానీ, ఆ రాత్రి మందకి కాపలా ఎందుకు తక్కువైందో రాయి చెప్పదు. రాయికి చోటు తక్కువ, శిల్పికి కూలి అక్షరానికింత. నేను చదివే ఇన్సిడెంట్ రిపోర్టులది సరిగ్గా తిరగేసిన పద్ధతి. అందులో ఏ తలుపు ఎందుకు తెరిచి ఉందో ఉంటుంది, మనిషి ఉండడు. బ్రెయిడ్‌వుడ్‌ని అర్థం చేసుకోవాలంటే రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సొచ్చింది.

లండన్‌లోనే సెయింట్ పాల్స్ చర్చికి దగ్గర్లో పోస్ట్‌మన్స్ పార్క్ అని చిన్న తోట ఉంది. ఇతరుల్ని కాపాడుతూ చనిపోయిన మామూలు మనుషులకోసం జి. ఎఫ్. వాట్స్ అనే చిత్రకారుడు అక్కడ ఒక పంచ కట్టించాడు. 1900లో తెరిచారు. గోడనిండా పింగాణీ పలకలు. అందులో జోసెఫ్ ఆండ్రూ ఫోర్డ్ పేరుంది. కొత్త బ్రిగేడ్ ఫైర్‌మన్. 1871 అక్టోబరు 7న గ్రేస్ ఇన్ రోడ్‌లో మండుతున్న ఇంట్లోంచి ఆరుగురిని దించి, తాను కాలిపోయాడు. మర్నాడే షికాగో అంటుకుంది కాబట్టి ప్రపంచం దృష్టి అటు మళ్ళింది. పలకమీద ఆరుగురన్న సంగతి ఉంది, కాలిపోయాడన్న సంగతి ఉంది. ఎలా అన్నది లేదు. అప్పటి చక్రాల నిచ్చెనకి కింద కాన్వాసు గొట్టం ఉండేది, మనుషుల్ని జారవిడవడానికి. దానికి దన్నుగా లోహపు తీగల వల. కింద అంతస్తు కిటికీలోంచి మంట ఎగజిమ్మినప్పుడు ఫోర్డ్ ఆ వలలో చిక్కుకుపోయాడు. మనుషుల్ని కాపాడే సాధనమే అతన్ని పట్టుకుంది. అదే గోడమీద జార్జ్ లీ పలక ఉంది. 1876 జులైలో క్లర్కెన్‌వెల్‌లో స్పృహ తప్పిన ఒక పిల్లని మోసుకొస్తూ ఆరుసార్లు పడ్డాడు, ఆ గాయాలతో పోయాడు. ఆరుగురు, ఆరుసార్లు. ఆ అంకెల్ని లెక్కపెట్టినవాళ్ళెవరో కింద వీధిలో నిలబడి తలెత్తి చూస్తున్నవాళ్ళు. అందుకే కాబోలు, మిగతా పలకల కంటే ఈ రెండింటి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను.

లండన్ బ్రిగేడ్ చివరి గుర్రాలు 1921లో రిటైరయ్యాయి. లోపలికి వెళ్ళడం మాత్రం రిటైర్ కాలేదు.

ఒక ఆదివారం ఫోన్లో బాబాయికి ఈ కథంతా చెప్పాను. మైలున్నర ఊరేగింపు దగ్గర ఆయన "ఊఁ" అన్నాడంతే. రాణి డైరీ దగ్గర అదీ లేదు. తర్వాత అడిగాడు.

"గోడ ఎన్నంతస్తులదిరా?"

"ఆరు, బాబాయ్."

"వీధి?"

"ఇరుకే. రెండు వైపులా గోడౌన్లే."

"గోడ ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దూరం జరగాలి. లేదంటే మూలకి పోయి నిలబడాలి, మూల చప్పున పడదు. ఆ సందులో ఎక్కడ జరుగుతాడు ఆయన?" కాసేపాగి, "ఆ తలుపులు, సరుకు మోసేవాళ్ళకి అడ్డమని తీసి పెట్టుంటారు. మా మిల్లులోనూ అంతే, రాళ్ళు అడ్డం పెట్టి తెరిచి ఉంచారు" అన్నాడు.

మిల్లు గురించి ఆయన నోటివెంట వినడం అదే మొదటిసారి. నేనేమీ అడగలేదు. ఆయనే చెప్పుకుపోయాడు. గోడ పడేముందు ఇటుకల మధ్య నుంచి ఇసక రాలుతుందట, సన్నగా, జల్లెడ పట్టినట్టు. ఆ చప్పుడు వినిపించి తాను అరిచి మూలకి ఉరికాడట. ఫోటోలో ఉన్నాయన వెనకాలే ఉన్నాడనుకున్నాడు. ఆయనేమో రెండడుగులు వెనక్కి వెళ్ళి వంగాడట. హోస్ మెలికపడి నీళ్ళు ఆగిపోయాయి, అది సరిచేద్దామని.